తీర్పు వచ్చిన రోజే కాపీకి పెట్టండి

చిత్తూరులో సివిల్ దావాలు చూసే ప్లీడరుని. నా కక్షిదారులకు మొదట చెప్పేది ఒకటే: ఇష్యూస్ (కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు) వేసే వాయిదాకు తప్పక రండి. దావా నడిచేదంతా వాటి మీదే. అన్నదమ్ముల భాగాల దావాలో ‘ఇంతకుముందే పంపకాలు అయిపోయాయా?’ అన్న ఇష్యూ పడలేదనుకోండి, సాక్ష్యం మొదలుకాకముందే అదనపు ఇష్యూకు పిటిషన్ వేయించండి.

చీఫ్, అంటే సాక్షి తన తరఫున మొదట చెప్పే సాక్ష్యం, అఫిడవిట్ (ప్రమాణపత్రం) రూపంలో ఇస్తారు. సంతకం పెట్టేముందు మొత్తం చదివించుకోండి, క్రాస్‌లో (ఎదుటి ప్లీడరు వేసే ప్రశ్నల్లో) పట్టుకునేది అక్కడే.

తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే ఆ రోజే సర్టిఫైడ్ కాపీకి (కోర్టు ధ్రువీకరించిన నకలుకు) అప్లికేషన్ పెట్టండి. అప్పీలు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. కాపీ తయారీకి పట్టిన రోజులు ఆ గడువులో లెక్కపెట్టరు. అప్లికేషన్ పెట్టింది, స్టాంపులు అడిగింది, ఇచ్చింది, కాపీ సిద్ధమైంది, ఈ తేదీలన్నీ కాపీ మీదే ఉంటాయి. స్టాంపులు అడిగాక మీరు జాప్యం చేస్తే ఆ రోజులు మీ లెక్కలోకే వస్తాయి, జాగ్రత్త.

రివ్యూకూ (తీర్పిచ్చిన కోర్టునే దాన్ని మళ్లీ చూడమని అడగడానికి) 30 రోజులే. రికార్డులో కళ్లకు కనబడే తప్పో, అప్పట్లో ఎంత వెదికినా దొరకని కొత్త ఆధారమో ఉంటేనే దాని జోలికి పోండి. ఎక్స్‌పార్టీ డిక్రీ (మీరు హాజరు కాకపోతే మీరు లేకుండానే కోర్టు ఇచ్చే డిక్రీ) రద్దుకూ అదే గడువు.

అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు. స్టే పిటిషన్ కూడా దాంతోపాటే వేయించండి.