ఆవకాయ ఎన్ని కిలోలు అని అడిగేవాళ్లకి

ఏటా ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా ఇంటికి ఎవరో ఒక అమ్మాయో అబ్బాయో వాళ్లమ్మని వెంటబెట్టుకుని వస్తారు. జర్మనీలో సీటొచ్చింది, అక్టోబరులో క్లాసులు, నేను అక్కడి ఆఖెన్‌లో నాలుగేళ్లు ఉండి వచ్చానని ఎవరో చెప్పి ఉంటారు. పిల్లలు వీసా గురించి, గది గురించి అడుగుతారు. అమ్మలు మాత్రం ఒకటే: "ఆవకాయ ఎన్ని కిలోలు పెట్టమంటావమ్మా?" రెండు చాలు అంటాను. "ఏటమ్మా, రెండు కిలోలేనా!" అని నన్నో పిసినారిని చూసినట్టు చూస్తారు. సూట్‌కేసులో సగం పచ్చళ్లూ పొడులూ చేగోడీలూ కుక్కుకుని వెళ్లి, డిసెంబరుకల్లా అన్నీ అయిపోయి, బ్రెడ్డుకి జాము రాసుకుంటూ ఏడ్చినదాన్ని నేను. అందుకే ఈసారి అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా.

నాలుగేళ్లలో నాకు అర్థమైంది ఇదీ. అక్కడ మనకి బెంగ పుట్టించేవి నాలుగే: పులుపు, ఘాటు, తాలింపు వాసన, చివర్లో పెరుగు. ఈ నాలుగూ జర్మన్ కొట్లలోనే ఉన్నాయి, కాకపోతే వేరే పేర్లతో ఉన్నాయి. సామాను మోసుకెళ్లడం కంటే ఆ పేర్లు నేర్చుకోవడం తేలిక.

ముందు పెట్టె సంగతి. ఇంగువ, ఎండుమిర్చి, కందిపొడి, కరివేపాకు పొడి, చింతపండు కొంచెం, ఆవకాయ రెండు కిలోలు. పచ్చడి సీసా చేతి బ్యాగులో పెట్టకండి, 100 మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతుంది. పాలతో చేసినవి, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి ఐరోపా యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. అంటే అమ్మ కాచిన నెయ్యి, పాలకోవా వద్దు. మాడుగుల హల్వా నేతిలో మునిగి తేలుతుంది కాబట్టి నేనైతే రిస్క్ తీసుకోను. పచ్చి కరివేపాకు కూడా మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా కుదరదు. ఆ సర్టిఫికెట్ అక్కర్లేని పళ్లు ఐదే ఐదు: అరటి, అనాస, కొబ్బరికాయ, ఖర్జూరం, దురియన్. చేపలకి మాత్రం 20 కిలోల దాకా పర్మిషన్ ఉంది, కాబట్టి ఎండు నెత్తళ్లకి చట్టం అడ్డు కాదు. పక్క గదివాళ్లే అడ్డు.

నెయ్యి కోసం దిగులొద్దు. ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా బుట్టర్‌ష్మాల్ట్స్ అని డబ్బా ఉంటుంది, అది నెయ్యే. అయితే ముందు 'బుట్టర్' ఉందో లేదో చూసుకోండి. ఒట్టి ష్మాల్ట్స్ అని ఉంటే అది మామూలుగా పంది కొవ్వు. రెండూ దగ్గర దగ్గరగానే ఉంటాయి.

ఇక నీళ్లు. మన వైజాగ్‌లో కుళాయి నీళ్లు కాచకుండా, వడపోయకుండా తాగం కదా, అదే అలవాటుతో నేను దిగిన రోజే ఆరు సీసాల కట్ట మోసుకొచ్చా. ఆ మర్నాడు ఆదివారం, కొట్లు మూసి ఉన్నాయి. మూత తిప్పగానే బుస్సుమంది, సోడా! అక్కడ నీళ్లంటే చాలామందికి గ్యాస్ ఉన్న నీళ్లే. కుళాయి నీళ్లు తాగొచ్చని తెలీక, ఆ సోడాతోనే పప్పు ఉడకబెట్టా. కుక్కర్ లేదు, గిన్నెలో గంటన్నర ఉడికినా పప్పు పలుకు విడలేదు, నురగ మాత్రం పొయ్యంతా పొంగింది. కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగండి. కొనాల్సి వస్తే సీసా మీద 'ష్టిల్' అని ఉన్నది తీసుకోండి. హోటల్లో కూర్చోగానే గ్లాసుతో నీళ్లు తెచ్చి పెట్టరు, అడిగితే సోడా తెచ్చి బిల్లేస్తారు. డ్రింకుల ప్లాస్టిక్ సీసాలు, రేకు డబ్బాలు పారేయకండి, చాలావాటికి ఒక్కోదానికి 25 సెంట్లు డిపాజిట్ కట్టే ఉంటారు, సూపర్‌మార్కెట్‌లో మెషీన్‌లో వేస్తే తిరిగొస్తుంది. నెలాఖరులో నా కూరగాయల ఖర్చు చాలాసార్లు ఆ మెషీనే భరించింది.

అన్నట్టు ఆదివారం కొట్లన్నీ మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవి కొన్ని తప్ప. శనివారం సాయంత్రానికల్లా పాలు, బియ్యం ఇంట్లో ఉండాలి.

బియ్యం దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. పొట్టిగా, తెల్లగా ఉన్నాయి కదా, మన సోనా మసూరిలాగే ఉంటాయనుకుని మిల్ష్‌రైస్ ప్యాకెట్ కొంటారు. అవి పాయసం బియ్యం, అన్నం వండితే ముద్దైపోతుంది. బాస్మతి ఎక్కడైనా దొరుకుతుంది కానీ పప్పులో కలవదు, ఏ మెతుకుకి ఆ మెతుకు విడిగా తిరుగుతుంది. జాస్మిన్ రైస్ కొంచెం నీళ్లెక్కువ పోసి వండితే మన అన్నానికి దగ్గరగా వస్తుంది. సోనా మసూరి, కందిపప్పు, మినప్పప్పు కావాలంటే ఏషియా కొట్లు వెతకండి. చాలాచోట్ల శ్రీలంక తమిళులు నడుపుతారు, కరివేపాకు ఏ రోజు వస్తుందో అడిగి పెట్టుకోండి. బెండకాయలు, వంకాయలు, కొత్తిమీర, పుదీనా టర్కీ వాళ్ల కొట్లో. కొత్తిమీర అనుకుని పార్స్‌లీ తెచ్చుకోకుండా ఒక ఆకు నలిపి వాసన చూడండి, నేను రెండుసార్లు మోసపోయా. అదే కొట్లో అయ్‌రాన్ అని ఉంటుంది, ఉప్పు వేసిన మజ్జిగ. ఎండలో నడిచొచ్చి మొదటిసారి అది తాగినప్పుడు నిజంగా కళ్లు చెమర్చాయి.

పెరుగు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫోన్లు ఎక్కువగా దీనికే వస్తాయి. అక్కడి యోగుర్ట్ చిక్కగా బావుంటుంది గానీ పులుపు చాలదు. 'నాటూర్' అని రాసి ఉన్నదే కొనండి, లేకపోతే పంచదార, పళ్లముక్కలు కలిసినవి వచ్చేస్తాయి, కొన్నిట్లో గెలాటినె (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) కూడా ఉంటుంది. ఇంట్లో తోడు పెట్టాలంటే ఆ యోగుర్ట్ చెంచాడు చాలు. పాలు మళ్లీ మరగకాచక్కర్లేదు, చిటికెన వేలు పెడితే వెచ్చగా తగిలేదాకా కాస్తే సరి. అసలు చిక్కు చలితో. మన దగ్గర వంటగట్టు మీద వదిలేస్తే తెల్లారేసరికి తోడుకుంటుంది, అక్కడ నవంబరులో తెల్లారినా పాలు పాలలాగే ఉంటాయి. ఓవెన్‌లో వేడి పెట్టకుండా లోపలి దీపం ఒక్కటి వెలిగించి, గిన్నె అందులో పెట్టి పడుకోండి. ఓవెన్ లేకపోతే దుప్పట్లో చుట్టి హీటర్ పక్కన పెట్టండి. మజ్జిగపులుసుకి మాత్రం ఇంత శ్రమ వద్దు, బుట్టర్‌మిల్ష్ అని అట్టపెట్టెలో అమ్మే పుల్ల మజ్జిగ తెచ్చి చేసేయొచ్చు.

ఇప్పుడు పులుపు, ఘాటు. మనం కూరలో ఆవ పెడతాం కదా, పనసపొట్టులోనో అరటికాయలోనో. జర్మన్లకి ఆవ నిత్యావసరం, జెన్ఫ్ అంటారు, సీసాల్లో, ట్యూబుల్లో అమ్ముతారు. 'షార్ఫ్' అని ఉన్నది తీసుకోండి, అది ఘాటు రకం. క్యాబేజీ ఉడికించి, తాలింపు పెట్టి, దించాక ఒక చెంచా జెన్ఫ్ కలపండి. పొయ్యి మీదుండగా వేస్తే ఘాటు పోతుంది. అందులో వెనిగర్ ఉంటుంది కాబట్టి చింతపండు వద్దు. మొదటిసారి ఆ కూర అన్నంలో కలుపుకుని నోట్లో పెట్టుకుంటే ఘాటు నషాళానికి అంటింది, మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

సౌవర్‌క్రౌట్ అంటే పులియబెట్టిన క్యాబేజీ. ఒట్టిదే తిని మొహం చిట్లించి పారేసేవాళ్లని చాలామందిని చూశా. గట్టిగా పిండి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువతో తాలింపు వేసి వేయించండి, అన్నంలోకి పుల్లటి వేపుడు. ఉప్పు ముందే ఉంటుంది, వెయ్యకండి. పొగబెట్టిన మెకరెల్ ప్యాకెట్లో దొరుకుతుంది, మన కానాగంతలకి చుట్టమే. తోలు, ముళ్లు తీసేసి చిదిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వేయించి అందులో కలిపితే సొర పిట్టుకి తమ్ముడు. ఆఖెన్ వెళ్లేవాళ్లకి అదనంగా ఒక మాట: బస్సెక్కితే నెదర్లాండ్స్‌లోని ఫాల్స్ ఊరు పక్కనే. డచ్చివాళ్లు ఇండోనేషియాని ఏలిన పుణ్యమా అని అక్కడి కొట్లలో సంబల్ ఊలెక్ ఉంటుంది, రుచికి మన పండుమిర్చి పచ్చడికి దగ్గర.

బ్రెడ్డుని కూడా తిట్టకండి, ముందు సరైనది పట్టుకోండి. తెల్ల బ్రెడ్డు కాకుండా రోగెన్ అని రై పిండితో చేసేది, నల్లగా, బరువుగా, పుల్లగా ఉంటుంది, మన దోసెపిండిలాగే పులియబెడతారు. కాల్చి, వెన్న రాసి, పైన కందిపొడి చల్లి చూడండి. అక్కడివాళ్లు మధ్యాహ్నం వేడిగా తిని రాత్రి ఇలా చల్లటి బ్రెడ్డుతో సరిపెట్టుకుంటారు. యూనివర్సిటీ క్యాంటీన్ని మెన్జా అంటారు, స్టూడెంట్లకి చవక, మధ్యాహ్నం అక్కడ తినేస్తే రాత్రి ఒక్క పూటే వంట. మొదటి రెండు వారాలు కడుపు మొరాయిస్తుంది, ఎక్కువగా నీళ్లు తక్కువ తాగడం వల్ల, కూరలు తగ్గించి బ్రెడ్డు, జున్ను మీదే బతకడం వల్ల.

తినకూడనివి ఉన్నవాళ్లు నాలుగు మాటలు బట్టీ పట్టండి: రింట్ అంటే గొడ్డు మాంసం, శ్వైన్ అంటే పంది, హేన్‌షెన్ కోడి, పూటె టర్కీ కోడి. ఖీమా ప్యాకెట్ మీద 'గెమిష్ట్' అని ఉంటే గొడ్డు, పంది కలిపినది. బీరు సంగతి అమ్మల ముందు ఎవరూ అడగరు, మెట్లు దిగాక అడుగుతారు. తాగనంటే ఎవరూ బలవంతం చెయ్యరు. 'ఆల్కోహోల్‌ఫ్రై' అని ఉన్నదాంట్లో కూడా 0.5 శాతం దాకా ఉండొచ్చు, అదీ వద్దనుకుంటే ఆపిల్ రసం సోడాలో కలిపిన ఆప్ఫెల్‌షోర్లె అడగండి. గ్లాసులో ఏమున్నా, ప్రోస్ట్ అన్నప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, అది అక్కడి మర్యాద.

తాలింపు ఒక్కటి జాగ్రత్త. కరెంటు పొయ్యి ఆపేసినా వేడి తగ్గదు, మూకుడు పక్కకి దించకపోతే మాడిపోతుంది. నా ఇల్లు ఒకటే గది, మంచం పైన స్మోక్ అలారం, నాలుగడుగుల్లో పొయ్యి. ఓ రాత్రి పదకొండింటికి ఎండుమిర్చి మాడి అది మొత్తుకోవడం మొదలుపెట్టింది, పై అంతస్తు పెద్దాయన పైజమాలో దిగొచ్చి, దగ్గుతూనే కుర్చీ ఎక్కి ఆపాడు. కిటికీ తీశాకే తాలింపు, కోటు మాత్రం ముందే బీరువాలో పెట్టండి, లేకపోతే మర్నాడు క్లాసులో ఇంగువ మీకంటే ముందు వెళ్లి కూర్చుంటుంది. రాత్రి పది తర్వాత, ఆదివారాలు మిక్సీ వద్దు. మిక్సీకి మన కరెంటే సరిపోతుంది, మూడు పుల్లల ప్లగ్గే పట్టదు, అడాప్టర్ కావాలి. కుక్కర్ కొనేముందు అక్కడ ఇండక్షన్ పొయ్యి ఉందేమో కనుక్కోండి, మామూలు అల్యూమినియం కుక్కర్ దాని మీద పనిచెయ్యదు.

చివరగా, ఏడాది తర్వాత సెలవులకి వైజాగ్ వస్తారు కదా. కడుపు అప్పటికి జర్మనీ నీళ్లకి అలవాటు పడి ఉంటుంది. దిగిన సాయంత్రమే ఆర్కే బీచ్‌కి పరిగెత్తి పానీపూరి మీద పడకండి, నేను పడి సెలవుల్లో నాలుగు రోజులు మంచం మీద గడిపా. వారం ఆగండి. మురీ మిక్చర్ పర్వాలేదు, ఉల్లిపాయ, నిమ్మకాయ మీ కళ్లముందే కోస్తే.