పేరుకే రిబ్స్, నిజానికి భుజం ముక్క

అమెరికాలోని సెయింట్ లూయిస్‌కి వచ్చిన రెండో ఏడాది, సూపర్ మార్కెట్లో 'కంట్రీ స్టైల్ రిబ్స్' అని రాసి ఉన్న ప్యాకెట్ చూసి పంది పక్కటెముకలే అనుకుని కొన్నాను. ఇంటికొచ్చి విప్పి చూస్తే పక్కటెముక అన్నదే లేదు. ఒకటిన్నర అంగుళం మందాన, జానెడు పొడవున మాంసం పలకలు, ఒకటి రెండింటికి మాత్రం అడ్డంగా ఎముక. మూడు గంటలు ఓవెన్లో పెడితే కొబ్బరి పీచు నమిలినట్టు వచ్చాయి. తప్పు ఓవెన్‌దీ కాదు, నా చేతిదీ కాదు, ప్యాకెట్‌ని సరిగ్గా చూడకపోవడం.

ఈ పేరుతో రెండు రకాల మాంసం అమ్ముతారు. ఒకటి పంది భుజం నుంచి కోసింది: ముదురు ఎరుపు, మధ్యలో తెల్లటి కొవ్వు చారలు. రెండోది నడుం వైపు మాంసం, అంటే లోయిన్: లేత గులాబీ రంగు, కొవ్వు తక్కువ. మెత్తగా విడిపోవాలంటే మొదటిదే కావాలి. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో 'షోల్డర్' అనో 'బట్' (ఇదీ భుజం భాగమే) అనో ఉంటుంది, వెతకండి. ఇక్కడివాళ్లు వేసవిలో గ్రిల్ మీద వేసే పోర్క్ స్టేక్ కూడా ఈ భుజంలోదే, కాకపోతే అడ్డంగా కోస్తారు.

లోయిన్ ముక్కలే దొరికితే, కింద చెప్పబోయే నెమ్మదిగా వండే పద్ధతి వదిలేయండి. పెనం మీద ఎర్రగా కాల్చి, లోపల 145 డిగ్రీల ఫారెన్‌హీట్ రాగానే దించి, మూడు నిమిషాలు ఆగి తినేయండి. అమెరికా వ్యవసాయ శాఖ పంది ముక్కలకు చెప్పే లెక్క 2011 నుంచీ అదే. అంతకుముందు 160 అనేవారు.

భుజం ముక్క 145 దగ్గర తినడానికి పనికొస్తుంది కానీ దవడలు నొప్పెడతాయి. అందులో కండల మధ్య గట్టి బంధనాలుంటాయి. అవి నెమ్మదిగా కరిగి జిగురుగా మారాలి, దానికి 195 నుంచి 205 దాకా వెళ్లాలి. మేక కాళ్ల పులుసు ఫ్రిజ్‌లో పెడితే గడ్డకడుతుందే, ఆ జిగురే ఇది. అందుకే 'ఉడికిపోయిందిగా' అని మధ్యలో దించకూడదు.

ఇక వంట. మూడు పౌన్ల ముక్కలు, నలుగురికి సరిపోతాయి. తడి తుడిచి, మామూలు మెత్తటి ఉప్పు ఒకటిన్నర చిన్న చెంచా పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. కోషర్ సాల్ట్ పలుకులు పెద్దవి, చెంచాకి బరువు తక్కువ తూగుతుంది, కాబట్టి బ్రాండును బట్టి రెండు మూడు చెంచాలు పడుతుంది. ఆ తేడా తెలియక కోషర్ కొలతలో మెత్తటి ఉప్పు వేసి, ఒక ట్రే మొత్తం చెత్తబుట్ట పాలు చేశాను.

మర్నాడు బ్రౌన్ షుగర్ రెండు పెద్ద చెంచాలు, పాప్రికా ఒక పెద్ద చెంచా, మిరియాల పొడి, వెల్లుల్లి పొడి ఒక్కో చిన్న చెంచా, జీలకర్ర పొడి అర చెంచా కలిపి పట్టించండి. పాప్రికా రంగుకీ వాసనకీ, కారానికి కాదు. దాని బదులు మన గుంటూరు కారం అదే కొలతలో వేస్తే ఇంటిల్లిపాదికీ కన్నీళ్లే. నేను పాప్రికాకి తోడు అర చెంచా గుంటూరు కారం వేస్తాను. కశ్మీరీ మిరప్పొడి ఉంటే పాప్రికా అక్కర్లేదు.

ట్రేలో ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పేర్చండి, ఒకదాని మీద ఒకటి వద్దు. అడుగున పావు కప్పు నీళ్లు, రెండు పెద్ద చెంచాల యాపిల్ సైడర్ వెనిగర్. పైన అల్యూమినియం ఫాయిల్ రెండు పొరలు, అంచుల దగ్గర బిగించి నొక్కాలి. ఆవిరి బయటికి పోతే పనంతా వృథా. (మా ఆవిడ పంది తినదు. ఈ ట్రే ఆమె గిన్నెల దరిదాపుల్లోకి పోకూడదన్నది ఇంటి చట్టం, దాన్ని గరాజ్‌లో పెడతాను.)

ఓవెన్ 300 డిగ్రీల ఫారెన్‌హీట్, రెండు నుంచి రెండున్నర గంటలు. రెండు గంటల దాకా మూత తీయకండి. తర్వాత ఫోర్క్ గుచ్చి తిప్పి చూడండి. పట్టుకుని లాగితే ఇంకా కాలేదు. చల్లారిన జున్నులో దిగినట్టు దిగితే అయిపోయింది. మొత్తం రాలిపోయే దాకా ఉంచొద్దు, తర్వాత సాస్ పూసేటప్పుడు చేతిలో ముక్క నిలవదు. ముందు నీళ్లలో ఉడకబెడితే త్వరగా అవుతుందంటారు. అవుతుంది, రుచి మాత్రం ఆ నీళ్లతో సింక్‌లో పోతుంది.

ఫాయిల్ తీసి, రసం గిన్నెలోకి ఒంపేయండి. బార్బెక్యూ సాస్ ఇప్పుడే పూయాలి. అందులో చక్కెర ఎక్కువ, ముందే పూస్తే మాడి చేదెక్కుతుంది. 425 డిగ్రీల్లో పది పన్నెండు నిమిషాలు, అంచులు నల్లబడబోతుంటే తీసేయండి. పది నిమిషాలు ఆగి వడ్డించండి.

ఆ రసం పారబోయకండి. ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి పైన తెల్లటి కొవ్వు తేలి, కింద గోధుమరంగు జెల్లీ ఉంటుంది. ఆ కొవ్వు ఒక చెంచా బాణలిలో వేసి (బాణలి కూడా నాదే, గరాజ్‌లోదే), ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించి, మిగిలిన ముక్కలు చీల్చి వేసి, జెల్లీ రెండు చెంచాలు కలపండి. అన్నం, పప్పుచారు పక్కన ఇది పెట్టుకుంటే, నాకైతే రాత్రి సాస్‌తో తిన్నదానికంటే ఇదే నచ్చుతుంది.