ధ్యానం ఎలా చేయాలి? మూడో రోజే మానేసేవారి కోసం

మా అపార్ట్‌మెంటులో చాలామందికి ధ్యానం నేర్పాను. ఎక్కువమంది మూడో రోజే "నాకు మనసు నిలవడం లేదండీ" అంటూ చాప చుట్టేశారు. నిలవదు మరి. ఎవరికి నిలుస్తుంది?

కావలసినవి: నాలుగు మడతలు వేసిన పాత దుప్పటి, 20 నిమిషాల సమయం. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీ. అగరొత్తులు వద్దు, ఫోనులో వేణుగానం అసలే వద్దు. సమయం ఉదయం 6 గంటలు. రాత్రి పడుకోబోయే ముందు చేస్తామంటారు కొందరు. దాన్ని కూర్చుని కునికిపాట్లు పడటం అంటారు.

వెన్ను నిటారుగా పెట్టి కళ్లు మూసుకోండి. పీల్చిన దానికంటే ఎక్కువసేపు గాలి వదలండి, మూడుసార్లు. మణికట్టు మీద వేలు పెట్టి చూస్తే, వదిలేటప్పుడు నాడి కాస్త నెమ్మదించడం చాలామందికి తెలుస్తుంది. గుండెకు కళ్లెం వేసే వేగస్ అనే నరం పని అది. ఆ తర్వాత శ్వాసను మీరు నడపకండి. ముక్కు కొన దగ్గర గాలి తగిలే చోటును గమనిస్తూ ఉండండి.

ఇక అసలు చిక్కు. పది శ్వాసలు గడవకముందే పక్కింట్లో కుక్కర్ కూత వేస్తుంది. రెండో కూత కోసం చెవులు రిక్కిస్తారు. అక్కడి నుంచి మధ్యాహ్నం డబ్బాలోకి కూర, పిల్లవాడి ఫీజు, నిన్న ఆఫీసులో పడ్డ మాట, దానికి అనవలసిన జవాబు... అయిదు నిమిషాల తర్వాత "అయ్యో, ధ్యానంలో ఉన్నాను కదా!" అని మెలకువ వస్తుంది. మనం కూర్చున్నదే ఆ మెలకువ కోసం. సరిగ్గా అక్కడే అందరూ చెడగొట్టుకుంటారు. తమను తాము తిట్టుకుంటారు, పళ్లు బిగిస్తారు, భుజాలు చెవులదాకా లేస్తాయి. ఇంకొందరు ఆలోచనే రానివ్వకూడదని పంతం పడతారు. కోతిని తలుచుకోకుండా మందు మింగమన్నట్టే ఉంటుంది అది.

చేయవలసింది ఇంతే. "కుక్కర్" అని లోపల ఒక్క మాట అనుకోండి. భుజాలు దించండి. వచ్చే శ్వాస దగ్గరికి రండి. తప్పటడుగుల పిల్లవాడు గడప దాటితే చెయ్యి పట్టుకుని లోపలికి తెస్తాం, కొట్టం కదా. 20 నిమిషాల్లో నలభైసార్లు తెచ్చుకున్నా ఆ రోజు బాగా సాగినట్టే. విపశ్యన అనే ధ్యాన పద్ధతి నేర్పే 10 రోజుల శిబిరాల్లో మొదటి మూడు రోజులూ శ్వాసను గమనించడమే పని, అదీ పొద్దస్తమానం. మీరేమో మూడు ఇరవై నిమిషాలకే విసిగిపోయారు!

నిశ్శబ్దం కోసం హైదరాబాద్ కేబీఆర్ పార్కుకు వెళతామంటారు కొందరు. నడకకైతే వెళ్లండి. ఇంట్లో ఈ కుక్కర్ చప్పుళ్ల మధ్య అలవాటైన ఓపికే అమీర్‌పేట సిగ్నల్ దగ్గర వెనకవాడు హారన్ మోగించినప్పుడు ఆదుకుంటుంది. నా చెయ్యి హారన్ మీదికి పోకుండా ఆగడానికి రెండు నెలలు పట్టింది.

ఆందోళనకో దిగులుకో మందులు వాడుతుంటే ధ్యానాన్ని నమ్ముకుని మానేయకండి. కళ్లు మూస్తే భయం పెరుగుతుంటే తెరిచే కూర్చోండి, వైద్యుడికి చెప్పండి.

సమయం అయ్యాక వెంటనే లేవకండి. అరచేతులు రుద్దుకుని రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫోనూ, టీ ఆ తర్వాతే.