మిద్దె తోట కాపంతా ఒకేసారి వచ్చిపడితే: ఆఫీసు, వంట, పిల్లల మధ్య నిల్వ పెట్టుకోవడం ఎలా

మిద్దె మీద నాలుగు గ్రో బ్యాగుల్లో టమాటా పెట్టినవాళ్ళందరికీ ఈ సంగతి అనుభవమే. మొదట్లో రోజుకి ఒకటీ రెండూ పండుతూ ఊరిస్తుంది, సంక్రాంతి దాటేసరికి బుట్టలు నింపేస్తుంది. సరిగ్గా అదే వారం పిల్లల పరీక్షలు, ఇంటికి చుట్టాలు, ఆఫీసులో తల తిప్పుకోలేనంత పని. పక్క తొట్టిలో పచ్చిమిర్చి అప్పుడే ఎరుపు తిరుగుతుంటుంది, బెండకాయ ఒక్కరోజు మరిచిపోతే నార తేలిపోతుంది.

అప్పుడు అందరం అనేమాట ఒకటే, "ఆదివారం తీరిగ్గా అన్నీ ఒకేసారి చేసేద్దాం". కొంప మునిగేది అక్కడే. ఆదివారం వచ్చేసరికి టమాటా మెత్తబడి నీరు కారుతుంటుంది, గోంగూర పండుబారిపోతుంది, పైగా ఆ ఆదివారం ఏదో ఒక పెళ్ళి ఉంటుంది. అందుకని నిల్వ పనిని ఒక పూట పనిగా కాకుండా, ఎక్కడ ఆపినా పాడవకుండా ఉండే చిన్న చిన్న ముక్కలుగా చేసుకోవాలి. ఇదేమీ కొత్త కిటుకు కాదు, మన నిల్వ పచ్చళ్ళు చాలావరకు నడిచే పద్ధతే ఇది. ఊరవేయడం ఒక రోజు, ఎండపెట్టడం ఇంకో రోజు, కారం కలిపి తాలింపు పెట్టడం ఎప్పుడు తీరితే అప్పుడు. ఉప్పులో పడ్డ కాయ మీ కోసం ఆగుతుంది, పళ్ళెంలో ఉన్న కాయ ఆగదు.

కోసిన రోజు రాత్రి అన్నం తిన్నాక, బల్ల తుడిచే ముందు, పది నిమిషాలు కేటాయించి కాపుని మూడు కుప్పలు చేయండి. రెండు రోజుల్లో వండేవి ఒకటి, పక్కింటికీ వాచ్‌మన్ ఇంటికీ ఇచ్చేవి ఒకటి, నిల్వకి వెళ్ళేవి ఒకటి. దెబ్బ తగిలినవీ పగిలినవీ నిల్వ కుప్పలోకి రానివ్వకండి. అవి రేపటి చారుకి. "ఇంత కష్టపడి పండించినవి, కాస్త చెడినంత మాత్రాన" అని అత్తగారో అమ్మో అంటారు, అయినా సరే. ఒక్క కుళ్ళుముక్క పడితే జాడీ మొత్తం బూజు పడుతుంది.

ఇక టమాటా. కిలో గట్టి పండ్లు కడిగి, ఒక్కోటీ పొడిబట్టతో తుడిచి, తొడిమ దగ్గర తడి లేకుండా చూసుకుని ముక్కలు కోయండి. సుమారు 100 గ్రాముల ఉప్పు, అర చెంచా పసుపు కలిపి గాజు సీసాలోనో జాడీలోనో వేసి మూత పెట్టేయండి. ఈ రాత్రికి పని ఇంతే. రెండో రోజు పొడి గరిటెతో ఒకసారి కలపండి. మూడో రోజుకి ముక్కలు ముడుచుకుని ఊట పైకి తేలి ఉంటుంది. పొద్దున్న కుక్కర్ విజిల్స్ వచ్చేలోపు ముక్కల్ని చేత్తో పిండి పళ్ళెంలో పరిచి మిద్దె మీద పెట్టేయండి. ఊటలో 100 గ్రాముల చింతపండు గింజలూ ఈనెలూ తీసేసి నానేసి, దాన్నీ పల్చటి బట్ట కట్టి ఎండలోనే ఉంచండి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేవాళ్ళు ఎవరైతే వాళ్ళు లోపలికి తేవాలి. ముక్కలు పట్టుకుంటే తడి అంటకుండా, అలాగని విరగకుండా, ఎండుద్రాక్షలా సాగాలి. మంచి ఎండైతే రెండు రోజులు పడుతుంది. అప్పుడు ముక్కలూ ఊటా కలిపి మిక్సీలో తిప్పి జాడీకి ఎత్తేస్తే సగం పచ్చడి తయారు. కారం, మెంతిపిండి, వెల్లుల్లి, తాలింపు ఇప్పుడే వద్దు. నెలకి సరిపడా తీసుకుని అప్పుడప్పుడు పెట్టుకుంటే ప్రతిసారీ కొత్త పచ్చడిలా ఉంటుంది, నాకైతే ఏడాది కిందట తాలింపు పెట్టినదానికన్నా ఇదే ఇష్టం.

ఉప్పు విషయంలో ఒక జాగ్రత్త. కల్లుప్పు గిన్నెడు, మెత్తటి ప్యాకెట్ ఉప్పు గిన్నెడు బరువులో సమానం కావు, మెత్తటిది ఎక్కువ తూగుతుంది. అమ్మ చెప్పిన గిన్నె కొలత కల్లుప్పుది అయితే మెత్తటి ఉప్పుతో అదే గిన్నె కొలిస్తే నోట పెట్టలేం. వంటింటి తూకం ఒకటి కొనుక్కోండి, గొడవ వదిలిపోతుంది. "బీపీ కదా, ఉప్పు సగం వేద్దాం" అనేవాళ్ళకి నా సలహా, జాడీలో ఉప్పు తగ్గించకండి, విస్తట్లో పచ్చడి తగ్గించండి.

ఇదే వరసలో వచ్చేవి ఇంకా ఉన్నాయి. పండుమిర్చిని తుడిచి, తొడిమలు తీసి, ఉప్పూ చింతపండూ వేసి కచ్చాపచ్చాగా తొక్కి పెట్టేస్తే మూడో రోజు రుబ్బుకోవచ్చు, లేదా ఆ వారం కుదరకపోతే వచ్చే వారం. చింతకాయ అయితే మరీ సులువు, ఉప్పూ పసుపూ వేసి దంచి జాడీలో పెట్టి, మూడు రోజులయ్యాక గింజలూ ఈనెలూ ఏరేసి మళ్ళీ ఎత్తేస్తే ఏడాదంతా ఉంటుంది. కావలసినప్పుడు ఇంత తొక్కు తీసుకుని పచ్చిమిర్చి వేసి నూరుకోవడమే. పెరట్లో ఉసిరి ఉన్నవాళ్ళూ ఇలాగే తొక్కు పెట్టుకోవచ్చు. నిమ్మకాయ ముక్కలకి కిలోకి 200 గ్రాముల దాకా ఉప్పు పడుతుంది, పొయ్యి వెలిగించే పనే లేదు.

గోంగూరకి మాత్రం ఈ ఓపిక ఉండదు. కోసిన సాయంత్రమే ఆకు వలిచేయాలి, టీవీ ముందు కూర్చుని ఇంటిల్లిపాదీ వలిస్తే అరగంట. కడిగి, పాత నూలుచీర మీద పరిచి రాత్రంతా ఫ్యాను కింద వదిలేయండి. పొద్దున్నకి తడి పోయి ఆకు వాడి ఉంటుంది. మూకుడులో నూనె వేసి చెమ్మంతా పోయి ముద్దయ్యేదాకా మగ్గించి, ఉప్పు కలిపి, చల్లారాక సీసాలో పెట్టి, పైన వేలెడు నూనె తేలేలా పోయండి. వానాకాలంలో గోంగూర విరగకాసినప్పుడు ఎండ ఉండదు, అందుకే దీన్ని ఎండ మీద కాక పొయ్యి మీద ఆధారపడేలా చేయడం మంచిది. నీటి చెమ్మ కాస్త మిగిలిందనిపించినా ఫ్రిజ్‌లోకి తోసేయండి, బయట పెట్టి దినదినగండం పడొద్దు.

ఒరుగులు ఈమధ్య ఇళ్ళల్లో తగ్గిపోయాయి, కానీ తీరిక లేనివాళ్ళకి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనిపించలేదు. గోరుచిక్కుడు, కాకర, దొండ, వంకాయ, బెండ, ఏదైనా సరే సన్నగా తరిగి, ఉప్పు వేసిన పుల్లటి మజ్జిగలో ముంచి తీసి చేటలో ఆరబోయడమే. గోరుచిక్కుడు అయితే ముందు ఒక్క ఉడుకు రానివ్వాలి. చేటలో కదిపితే గలగలమనాలి, మధ్యలో వంగే ముక్క ఒక్కటున్నా ఇంకో ఎండ పడాల్సిందే. అనంతపురం వైపు రెండు మూడు ఎండల్లో అయ్యే పని విశాఖలో సముద్రపు గాలి చెమ్మకి ఇంకో రెండు రోజులు లాగుతుంది. తేమ ఊళ్ళలో ముక్క ఇంకా సన్నగా తరగండి, సూర్యాస్తమయానికి ముందే లోపలికి తెచ్చేయండి. రాత్రి మంచులో వదిలేస్తే పగలు ఎండినదంతా మళ్ళీ తాగేస్తుంది.

చల్ల మిరపకాయలు మాత్రం చూడ్డానికి పెద్ద పని, చేస్తే పూటకి అయిదు నిమిషాలు. తొడిమ ఉంచి కాయకి నిలువునా గాటు పెట్టి, ఉప్పు వేసిన పుల్ల మజ్జిగలో రాత్రంతా నాననివ్వాలి. పొద్దున తీసి ఎండలో, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో. మజ్జిగంతా కాయలు పీల్చేసుకున్నాక తెల్లబడి పెళుసుగా అయ్యేదాకా ఎండపెట్టాలి. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు చూసుకుంటే ఎవరికీ భారం కాదు. మా ఇంట్లో ఎండలో పెట్టడం స్కూలు బస్సు ఎక్కేముందు పిల్లల పని, "తీశారా?" అని మధ్యాహ్నం మబ్బు పట్టగానే ఫోన్ చేసి టెన్షన్ పడేది ఆఫీసులో ఉన్న పెద్దలు.

ఆకుల సంగతికొస్తే, కరివేపాకూ మునగాకూ ఎండలో పెట్టకండి, రంగూ వాసనా రెండూ పోతాయి. కడిగి, తడి ఆర్చి, నీడలో బట్ట మీద పరిస్తే రెండు మూడు రోజుల్లో చేత్తో నలిపితే పొడి అవుతాయి. పొడిని డబ్బాలో వేసుకుంటే పప్పులోకీ చపాతీ పిండిలోకీ ఒక చెంచా వేసుకోవడానికి బాగుంటుంది. కొత్తిమీర, పుదీనా పచ్చిమిర్చితో కలిపి తక్కువ నీళ్ళతో రుబ్బి ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టాక కవర్లో వేసుకోండి. నిమ్మరసం కూడా అంతే.

ఫ్రీజర్ అంటే అన్నీ తోసేసే గోదాము అనుకోవద్దు. బీన్స్ ముక్కల్ని మరిగే నీళ్ళలో 3 నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్ళలో వేసి చల్లార్చి, బాగా ఆరబెట్టి అప్పుడు పెట్టాలి. అలా చేయకపోతే కాయలోని ఎంజైములు గడ్డకట్టాక కూడా మెల్లగా పనిచేసి రంగు, రుచి చెడగొడతాయి. దోసకాయ, సొరకాయ లాంటి నీటికాయలు ఫ్రీజర్‌కి పనికిరావు, కరిగాక చప్పగా మెత్తబడి ఊరుకుంటాయి. కరెంటు గంటల తరబడి పోయే ఊళ్ళో ఉంటే అసలు ఫ్రీజర్ మీద ఎక్కువ పెట్టుకోకపోవడమే మేలు.

కొన్నిటికి మనం ఏమీ చేయక్కర్లేదని కూడా గుర్తుపెట్టుకోండి. బాగా ముదిరిన గుమ్మడికాయ, బూడిద గుమ్మడి తొడిమతో కోసి గాలాడే చోట పెడితే నెలల తరబడి ఉంటాయి, వడియాలు ఎప్పుడు తీరితే అప్పుడు పెట్టుకోవచ్చు. అల్లం, పసుపు, కంద ఆకులు ఎండిపోయాక నీళ్ళు ఆపేసి తొట్టిలోనే కొన్ని వారాలు వదిలేయొచ్చు, కావలసినంత తవ్వుకోవచ్చు.

అమెరికాలో పెరటి తోట పెట్టే మనవాళ్ళకి ఇబ్బంది వేరుగా ఉంటుంది. న్యూజెర్సీ లాంటి చోట్ల అక్టోబరులో మంచు పడే సూచన రాగానే మిరప, గోంగూర, పచ్చి టమాటాలు అన్నీ ఒకే సాయంత్రం కోసేయాల్సి వస్తుంది. పచ్చి టమాటా ఉప్పులో వేయండి, ఎండ దొరకదు కాబట్టి ఒరుగులకి డీహైడ్రేటర్‌ని 57 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టి రాత్రంతా వదిలేయండి. అక్కడ గాజు సీసాల్లో కూరగాయలు మూతబిగించి ఉడికించి పెట్టడం మామూలే, కానీ బీన్స్, బెండ, మొక్కజొన్న లాంటి పులుపు లేనివాటిని మామూలు గిన్నెలో నీళ్ళు మరిగించి అలా చేయకూడదు. గాలి చొరని సీసాలో ఒక సూక్ష్మజీవి పెరిగి బోట్యులిజం అనే జబ్బు తెచ్చే ప్రమాదకరమైన విషం పుట్టించవచ్చు, దాన్ని వాసనతోనో రంగుతోనో పట్టుకోలేం. దానికి ఒత్తిడితో మరిగే నీళ్ళకన్నా ఎక్కువ వేడి ఇచ్చే, సీసాల కోసమే చేసిన ప్రెషర్ క్యానర్ కావాలి, మన ఇడ్లీ కుక్కర్ కాదు. పులుపుని కొలిచే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కన్నా తక్కువ ఉంటే ఆ సూక్ష్మజీవి పెరగదు. టమాటా ఒక్కోసారి ఆ గీత దగ్గరే ఉంటుంది, చింతపండు వేయడం రుచికే కాక అందుకు కూడా పనికొస్తుంది. పచ్చి వెల్లుల్లిని ఉత్త నూనెలో ముంచి బయట ఉంచడం కూడా ఇదే కారణానికి వద్దు, ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లోపే వాడేయండి.

జాడీ కడిగి ఎండలో ఆరబెట్టడం, తడి గరిటె పెట్టకపోవడం, వాసెన కట్టడం అంటే జాడీ మూతికి బట్ట కట్టడం, ఇవి అందరికీ తెలిసినవే. కానీ ఇలా సగం సగం పనులు చేసేవాళ్ళ ఇంట్లో ఒకటి అదనంగా అవసరం, ప్రతి సీసా మీద చీటీ. తేదీ ఒక్కటే రాస్తే చాలదు. ఏం పడింది, ఏం పడలేదు అని రాయాలి. "ఉప్పు పడింది, కారం పడలేదు", "ఇంకో ఎండ కావాలి", "తాలింపు ఒక్కటే మిగిలింది" అని. లేకపోతే మీరు ఊళ్ళో లేనప్పుడు ఇంట్లోవాళ్ళు ఎవరో సాయం చేద్దామని మూత తీసి, ఇంకో గుప్పెడు ఉప్పు వేస్తారు.