షేర్డ్ ఫోల్డర్ కొత్త సర్వర్‌కి మారుతోందా? గిట్ వాడేవాళ్లు ముందే చూసుకోవాల్సినవి

పాత ఫైల్ సర్వర్ తీసేసి కొత్తది పెట్టిన మర్నాడు, షేర్డ్ ఫోల్డర్‌లో గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే ప్రోగ్రామ్) రిపోలు, అంటే ఆ చరిత్రతో ఉండే ప్రాజెక్ట్ ఫోల్డర్లు, ఉంచుకున్న టీమ్‌కి తరచూ ఎదురయ్యే ఎర్రర్ ఒకటుంది: ‘డిటెక్టెడ్ డుబియస్ ఓనర్‌షిప్’, అంటే ఓనర్ విషయంలో అనుమానం ఉందని. టెన్షన్ పడకండి, కోడ్ ఎక్కడికీ పోలేదు. అడ్మిన్ తన అకౌంట్‌తో ఫైళ్లు కాపీ చేస్తే ఓనర్‌గా ఆయన పేరే పడుతుంది. రిపో ఓనర్ మీరేనా అని గిట్ తనిఖీ చేస్తుంది, మీ లాగిన్ వేరు కాబట్టి ఆగిపోతుంది.

ఈ తనిఖీ 2022 ఏప్రిల్‌లో వచ్చిన గిట్ 2.35.2 వెర్షన్‌తో మొదలైంది. దానికి గట్టి కారణమే ఉంది. రిపోలోని కాన్ఫిగ్ ఫైల్లో ‘ఎఫ్ఎస్‌మానిటర్’ లాంటి సెట్టింగ్ ద్వారా ఏదైనా ప్రోగ్రామ్ నడిపించవచ్చు. పదిమంది రాయగలిగే చోట ఎవరైనా అలాంటి రిపో పెడితే, మీరు ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి ‘గిట్ స్టేటస్’ అన్నా చాలు, వాళ్ల ప్రోగ్రామ్ మీ అకౌంట్‌తో నడుస్తుంది.

అందుకే నా మాట ఒక్కటే: సేఫ్.డైరెక్టరీ (ఓనర్ వేరైనా ఏ రిపోలను నమ్మాలో గిట్‌కి చెప్పే సెట్టింగ్) దగ్గర ‘అన్నీ’ అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తు పెట్టేసి చేతులు దులుపుకోకండి. ఎర్రర్ పోతుంది నిజమే, కానీ మీ మెషిన్‌లో ఆ తనిఖీ మొత్తంగా ఆగిపోతుంది. రేపు పెన్‌డ్రైవ్‌లో వచ్చిన రిపోనైనా గిట్ అడ్డుకోదు.

మార్పుకి ముందే అడ్మిన్‌తో మాట్లాడి, కాపీలో ఓనర్ వివరాలు కూడా వెళ్లేలా చూడమనండి. లినక్స్‌లో ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌ని రూట్‌గా (అన్ని అధికారాలున్న అకౌంట్‌తో), ‘-ఎ’ ఆప్షన్‌తో నడిపితే అవీ వెళ్తాయి. విండోస్‌లో రోబోకాపీ అనే కాపీ కమాండ్‌కి ‘/కాపీఆల్’ ఇవ్వాలి. విండోస్ షేర్‌ని లినక్స్‌లో మౌంట్ చేసుకునేవాళ్లు ‘యుఐడి’ ఆప్షన్‌లో తమ యూజర్ నంబర్ ఇవ్వాలి, లేకపోతే ఫైళ్లన్నీ రూట్ పేరు మీద కనిపించవచ్చు. కమిట్ చేసినవన్నీ (గిట్‌లో నమోదు చేసిన మార్పులు) ముందే షేర్డ్ రిపోకి పుష్ చేసి, ఒక క్లోన్, అంటే రిపో పూర్తి కాపీ, సొంత డిస్క్‌లో ఉంచుకోండి.

అప్పటికీ ఎర్రర్ వస్తే మొదట ఓనర్ ఎవరో చూడండి. మీ అడ్మినే అని తేలితే, ఓనర్‌షిప్ సరిచేయించుకోవడం మంచిది. అది కుదరకపోతే ఆ ఒక్క రిపో దారిని మాత్రమే సేఫ్.డైరెక్టరీకి చేర్చండి. ఏ కమాండ్ ఇవ్వాలో ఎర్రర్ మెసేజ్‌లోనే ఉంటుంది. Z డ్రైవ్‌గా మ్యాప్ చేసుకున్నా అందులో సర్వర్ పేరుతో, ముందు ‘ప్రిఫిక్స్’ అన్న మాటతో పొడవాటి దారి కనిపించవచ్చు. చేత్తో టైప్ చేయకండి, ఉన్నదున్నట్టు కాపీ చేయండి. చాలామంది ఇరుక్కునే చోటు ఇంకొకటుంది: మెసేజ్‌లో సింగిల్ కోట్స్ ఉంటాయి. విండోస్‌లో గిట్‌తో పాటు వచ్చే గిట్ బాష్ విండోలో అవి సరిపోతాయి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో అవి కూడా దారిలో భాగమైపోయి, కమాండ్ ఇచ్చినా అదే ఎర్రర్ వస్తుంది. అక్కడ డబుల్ కోట్స్ వాడండి.

సేఫ్.డైరెక్టరీని రిపో సొంత కాన్ఫిగ్‌లో రాస్తే గిట్ పట్టించుకోదు, గ్లోబల్‌లోనో సిస్టమ్‌లోనో ఉండాలి. గ్లోబల్ అంటే మీ ఒక్కరి అకౌంట్‌కే, సిస్టమ్ అంటే ఆ మెషిన్‌లోని అందరికీ. కోడ్ నుంచి ప్రోగ్రామ్‌ని దానంతటదే తయారుచేసే బిల్డ్ సర్వర్ వేరే యూజర్ పేరుతో నడుస్తుంటే, మీ దగ్గర అంతా బాగున్నా రాత్రి బిల్డ్ ఆగిపోతుంది. ఆ యూజర్‌గా లాగినై, అక్కడ కూడా విడిగా చేర్చాలి.