నర్సింగ్ కాన్ఫరెన్సులో అనుబంధ కార్యక్రమాలు తిరుపతిలో ఎలా ఏర్పాటు చేయాలి?

నలభై మంది రోగులున్న వార్డును ఇద్దరితో నెట్టుకొచ్చే స్టాఫ్ నర్సు, సూపరింటెండెంటును బతిమాలి ఓడీ (డ్యూటీలో ఉన్నట్టే లెక్కించే అనుమతి) పెట్టించుకుని కాన్ఫరెన్సుకు వస్తోందంటే చేత్తో చేసి నేర్చుకునేది ఏదో ఉందనే నమ్మకంతోనే. ఆ నేర్చుకునేది పెద్ద హాల్లో ప్రసంగాల దగ్గర దొరకదు. ముందు రోజు వర్క్‌షాపులో దొరుకుతుంది, పోస్టర్ల దగ్గర దొరుకుతుంది. మన దగ్గరేమో వీటినే అన్నిటికంటే ఆఖరున, మిగిలిన గదిలో, మిగిలిన డబ్బుతో పెడతారు. అలా పెట్టేకంటే మానుకోవడం మేలు.

1. తేదీ, చోటు

మే 12 ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టినరోజు, అంతర్జాతీయ నర్సుల దినోత్సవం. ఆ రోజే పెడదామని కమిటీలో ఎవరో ఒకరు పట్టుబడతారు, ఒప్పుకోకండి. ఆ రోజు ప్రతి ఆసుపత్రిలోనూ, ప్రతి కాలేజీలోనూ సొంత కార్యక్రమం ఉంటుంది కాబట్టి నేర్పేవాళ్లు మీకు దొరకరు. పైగా వేసవి సెలవుల రద్దీలో తిరుపతిలో లాడ్జి గది దొరకడమే గగనం. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి ఉన్న వారాలు కూడా వదిలేయండి. శని, ఆదివారాలు అసలే వద్దు. సోమవారం వర్క్‌షాపు, మంగళ బుధవారాలు కాన్ఫరెన్సు, గురువారం దర్శనం. తిరుపతిలో కుదిరే వరస ఇదొక్కటే. దర్శనాన్ని శుక్రవారానికి జరపకండి, ఆ రోజు అభిషేకం ఉంటుంది, దర్శన వేళలు మారతాయి.

వర్క్‌షాపుకు హోటల్ హాలు వద్దు. నర్సింగ్ కాలేజీ స్కిల్ ల్యాబ్ అడగండి. మంచాలు, సెలైన్ స్టాండ్లు, చేతులు కడుక్కునే సింకు అక్కడ ముందే ఉంటాయి. రుయా, స్విమ్స్ ఆసుపత్రులు రెండూ అలిపిరి రోడ్డు వైపే కాబట్టి ఆ చుట్టుపక్కల చోటు దొరికితే డ్యూటీ దిగిన సిస్టర్లు ఆటోలో వచ్చేయగలుగుతారు. ఊరవతల చోటు పెడితే వచ్చిపోయే ప్రయాణానికే వాళ్ల సగం రోజు పోతుంది.

క్రెడిట్ అవర్ల (నర్సుల శిక్షణ కింద లెక్కకు వచ్చే గంటల) కోసం స్టేట్ నర్సింగ్ కౌన్సిల్‌కు దరఖాస్తు ముందే పంపండి. అందులో రాసిన గంటలు, జరిగిన గంటలు, సర్టిఫికెట్ మీద వేసిన గంటలు మూడూ ఒకటే అయి ఉండాలి.

2. సామాను

సామాను సమకూర్చుకోవడం రెండే గంటల పని, సాగదీయకండి. సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి ఊపిరి ఇవ్వడం) బొమ్మ 1, దానికి మార్చే లంగ్ బ్యాగులు, 70 శాతం ఆల్కహాల్ వైప్స్. ఐవీ చేయి మోడల్ (నరంలో సూది పెట్టడం నేర్చుకునే బొమ్మ చేయి) 2, గులాబీ రంగు 20 గేజి కాన్యులాలు (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టాలు), నీలం రంగు 22 గేజి కాన్యులాలు మనిషికి రెండు చొప్పున. ఆంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) 2, మాస్కులు మూడు సైజుల్లో, ఎయిర్‌వేలు (ఊపిరి దారి తెరిచి ఉంచే గొట్టాలు), సక్షన్ మిషను. క్రాష్ కార్ట్ (అత్యవసర మందులు, సామాను ఉండే బండి) ఒకటి, డీఫిబ్రిలేటరు (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) ఒకటి. బొమ్మకు గుచ్చిన సూదే అయినా వార్డులో లాగే సూదులు పారేసే తెల్లటి డబ్బాలోనే వేయించండి, చేతికి ఆ అలవాటు పోకూడదు. రక్తంలా కనిపించేందుకు ఎర్రరంగు నీళ్లు కలిపిన సీసాను మరీ ఎత్తున కడితే చేయి మోడల్‌కున్న పాత రంధ్రాలన్నిటి నుంచీ కారుతుంది. మోచేతి ఎత్తుకు కాస్త పైన చాలు.

3. స్టేషన్లు తిప్పడం

వర్క్‌షాపులు చెడేది ఇక్కడే. తక్కినవన్నీ ఎంత బాగా కుదిరినా, ఇది తప్పితే వచ్చినవాళ్లు ఫొటోలతో ఇంటికి పోతారు, చేతిలో పని మాత్రం ఉండదు.

లెక్క ఇది. నాలుగు స్టేషన్లు: సీపీఆర్, ఎయిర్‌వే, కాన్యులా, క్రాష్ కార్ట్. ఒక్కో స్టేషనుకు ఆరుగురు, ఏడో మనిషి వద్దు. ఒక్కో విడత 30 నిమిషాలు. అందులో నేర్పే సిస్టర్ చేసి చూపడానికి 5, ఆరుగురికి తలా 3 చొప్పున 18, సందేహాలకు 4, పక్క స్టేషనుకు వెళ్లడానికి 3. నాలుగు స్టేషన్లకు రెండు గంటలు. మొదట పేర్లు రాసుకోవడానికి 10, చివర సంతకాలకు 5 కలిపితే రెండుంపావు గంటలు. అంటే ఒక బ్యాచ్‌కు 24 మంది, రోజుకు మూడు బ్యాచ్‌లు, 72 మంది. డెబ్బైమూడో పేరు ఎంత పెద్దవాళ్ల సిఫారసుతో వచ్చినా తీసుకోవద్దు. తీసుకుంటే ఒక స్టేషనులో ఏడుగురవుతారు. ఏడుగురైతే 18 నిమిషాల పని 21 అవుతుంది. తక్కిన మూడు స్టేషన్ల వాళ్లూ గుమ్మం దగ్గర నిలబడి ఎదురుచూస్తారు.

తలా 3 నిమిషాలు ఊరికే పెట్టినవి కావు. 30 నొక్కులు, 2 శ్వాసల చొప్పున 5 విడతలు చేస్తే సుమారు 2 నిమిషాలు. వార్డులోనూ నొక్కే మనిషిని మార్చాల్సింది 2 నిమిషాలకే, ఆపైన చేయి అలిసి లోతు తగ్గిపోతుంది. ఆ అలసట ఎలా ఉంటుందో బొమ్మ మీదే తెలియాలి. మిగిలిన ఒక్క నిమిషం తప్పు చెప్పడానికి, బొమ్మ మొహం తుడవడానికి. ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు ఆంబు పట్టుకోవాలి, మూడోవాళ్లు బయటికి లెక్కపెట్టాలి.

ఇక గాడి తప్పేది నేర్పేవాళ్ల వల్ల. అయిదు నిమిషాలు చూపమంటే పదిహేను నిమిషాలు ఉపన్యాసం ఇస్తారు. వాళ్ల తప్పనుకోకూడదు, తెలిసిన మనిషికి చెప్పాలనే ఉంటుంది. కానీ 15 నిమిషాలు మాట్లాడితే వరసలో చివరనున్న ముగ్గురికి చేయి పెట్టే అవకాశం రాదు. ఆ చివరి ముగ్గురు ఎప్పుడూ చిన్నవాళ్లే. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు మొహమాటంతో వెనక నిలబడతారు. నేర్చుకోవాల్సినవాళ్లకే మిగలదు. అందుకే రెండు నియమాలు గట్టిగా పెట్టండి. మొదటిది, ప్రతి స్టేషనులోనూ అందరికంటే జూనియర్ మొదట చేయాలి. రెండోది, నేర్పే సిస్టర్ చేసి చూపేటప్పుడు మాట్లాడకూడదు. మౌనంగా ఒకసారి పూర్తిగా చేసి చూపాలి, మాటలన్నీ తర్వాతే. మాటలు లేకపోతే 5 నిమిషాలు దాటే ప్రసక్తే లేదు.

గంట కొట్టడానికి ఒక మనిషిని పెట్టండి, వాళ్లకు ఇంకే పనీ ఇవ్వకండి. మొబైల్ అలారం ఫ్యాన్ల చప్పుడులో వినిపించదు, ఇత్తడి గంటే మేలు. ప్రతి విడతలో 23వ నిమిషాన ఒకసారి గంట కొట్టాలి: చేయడం ఆపి సందేహాలు అడగాలి. 27వ నిమిషాన రెండుసార్లు గంట కొట్టాలి: కదలాలి. నాలుగు స్టేషన్లూ ఒకేసారి ఆగి ఒకేసారి కదలాలి. ఒక్క స్టేషను విడతకు రెండు నిమిషాలు ఆలస్యమైనా, నాలుగు విడతలు తిరిగేసరికి అది ఎనిమిది నిమిషాలకు పాకుతుంది. గంట మోగేసరికి ఒక సిస్టర్ కాన్యులా సగంలో ఉన్నా సరే, సూది తీసి డబ్బాలో వేసి కదలాలి. మొదటి విడతలో ఇలా ఒకరిని ఆపితే, రెండో విడత నుంచి ఎవరినీ ఆపాల్సిన పని ఉండదు.

తప్పు దిద్దేటప్పుడు ఒక మనిషికి ఒక్క తప్పే చెప్పించండి. సీపీఆర్‌లో వేగం నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, ఛాతీ ప్రతిసారీ పూర్తిగా పైకి లేవాలి. మూడూ ఒకేసారి చెబితే ఒకటీ నిలవదు. ఎక్కువమంది చేసే తప్పు మూడోదే. నొక్కాక బరువు అరచేతి మీదే వదిలేసి ఛాతీ మీద వాలిపోతారు. ఎదురుగా నిలబడి చూస్తే ఇది కనిపించదు. పక్కన వంగి, అరచేతి కింది అంచుకు కళ్లు తెచ్చి చూస్తేనే తెలుస్తుంది.

బొమ్మను నేల మీద పెట్టకండి. పుస్తకాల్లో నేల మీద చూపిస్తారు కానీ, వార్డులో రోగి మంచం మీద ఉంటాడు. గంజిపెట్టిన కాటన్ చీరలో మోకాళ్ల మీద కూర్చోవడమూ కష్టమే. మంచం మీదే పెట్టి, పరుపు కింద కాకుండా బొమ్మ వీపు కింద గట్టి చెక్క వేయండి. చెక్క లేకపోతే నొక్కిన లోతులో కొంత పరుపే మింగేస్తుంది. పొట్టివాళ్లు ఎక్కి నిలబడటానికి మెట్టు పీట ఒకటి పక్కన ఉండాలి.

వేదిక మీద ఒకే బొమ్మ పెట్టి, ప్రొజెక్టరు మీద వందమందికి చూపే పద్ధతి ఒకటి ఈ మధ్య బాగా పెరిగింది. ఖర్చు తక్కువ, ఫొటో బాగుంటుంది. కానీ అది వర్క్‌షాపు కాదు, చేయి పెట్టని వర్క్‌షాపుకు గంటలు రాసి సర్టిఫికెట్ ఇవ్వడం అన్యాయం.

బ్యాచ్‌లు కూడా డ్యూటీని బట్టే. 9 నుంచి 11.15 వరకు మొదటిది, మధ్యాహ్నం 2 గంటల డ్యూటీకి ఎక్కేవాళ్లకు. 11.45 నుంచి 2 వరకు రెండోది, చిత్తూరు, మదనపల్లె, నెల్లూరు నుంచి పొద్దున బస్సుకో రైలుకో వచ్చేవాళ్లకు. 2.45 నుంచి 5 వరకు మూడోది, 2 గంటలకు హ్యాండోవర్ ఇచ్చి వచ్చేవాళ్లకు. రాత్రి డ్యూటీ చేసి 8కి దిగినవాళ్లను మొదటి బ్యాచ్‌లో వేయకండి. వాళ్లు నిద్రపోయి మూడోదానికి రావాలి. పేర్లు అక్షరక్రమంలో విడగొడితే ఇదంతా పోతుంది.

వర్క్‌షాపు రోజు జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి, శాలువాలు ఏవీ వద్దు. ముఖ్య అతిథి ముప్పావుగంట ఆలస్యమైతే ఆ ముప్పావుగంట మొదటి బ్యాచ్‌కు పోయినట్టే. దీపం మరుసటి రోజు వెలిగించుకోండి. వత్తి కొసకు చిటికెడు కర్పూరం పెట్టి ఫ్యాన్లు ఆపితే ఒక్క అగ్గిపుల్లకే అంటుకుంటుంది.

4. పోస్టర్లు, క్విజ్, సాంస్కృతిక కార్యక్రమం

పోస్టరు 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, నిలువుగా. రంగు వేసిన గోడకు టేపు నిలవదు, స్టాండ్లకు క్లిప్పులతో బిగించండి. భోజనాల దారిలోనే పెట్టాలి. వేరే అంతస్తులో పెడితే రాసినవాళ్లు తప్ప ఎవరూ చూడరు. ఒక్కోదానికి 5 నిమిషాలు చొప్పున 20 పోస్టర్లకు 100 నిమిషాలు పడుతుంది, భోజన విరామం అంత ఉండదు. కాబట్టి రెండు జతల న్యాయనిర్ణేతలు, తలా పది. విడిపోయే ముందు నలుగురూ కలిసి ఒక పోస్టరుకు మార్కులేసి పోల్చుకోవాలి. లేకపోతే ఒక జత చేతిలో పడ్డ అమ్మాయికి అన్యాయం జరుగుతుంది.

క్విజ్‌కు ఇద్దరిద్దరి జట్లు, 20 ప్రశ్నల రాతపరీక్ష 15 నిమిషాలు, అందులో ఆరు జట్లు వేదిక మీదికి. సాంస్కృతిక కార్యక్రమం 8 గంటలకల్లా ముగియాలి, విద్యార్థినులు హాస్టల్‌కు చేరుకోవాలి.

5. దర్శనం

తిరుపతిలో కాన్ఫరెన్సంటే దర్శనం అడుగుతారు, అడగడం సహజం. కానీ బ్రోషర్‌లో దర్శనం ఇప్పిస్తామని రాయకండి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ టికెట్లు టీటీడీ ఆన్‌లైన్‌లో నెలల ముందే విడుదల చేస్తుంది, ఒక్కో మనిషికి వాళ్ల గుర్తింపు వివరాలు ఇచ్చి తీసుకోవాలి. తేదీ ఖాయం కాగానే ఆ సంగతి అందరికీ చెప్పి, గురువారం టికెట్టు తీసుకోమనండి. దళారులకు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దని కూడా చెప్పండి. మహిళలకు చీర గానీ, చున్నీతో పంజాబీ డ్రెస్ గానీ, మగవాళ్లకు పంచె గానీ పైజమా కుర్తా గానీ ఉండాలని ముందే తెలిస్తే మంచిది. కాన్ఫరెన్సు రెండు రోజుల మధ్య కొండకు పంపకండి. క్యూలో ఎంతసేపు పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు, మరుసటి పొద్దున హాలు ఖాళీగా కనిపిస్తుంది. మంగళవారం సాయంత్రం ఎక్కడికైనా తీసుకెళ్లాలనిపిస్తే తిరుచానూరు అమ్మవారి గుడికి బస్సు పెట్టండి, అయిదు కిలోమీటర్లే.

6. సర్దడం

మూడో బ్యాచ్ వెళ్లాక బొమ్మలను వెంటనే పెట్టెల్లో పెట్టకండి. లంగ్ బ్యాగులు తీసి పారేసి, మొహం, ఛాతీ తుడిచి, చేయి మోడల్ గొట్టాల్లోంచి ఎర్రనీళ్లు పూర్తిగా వదిలించి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టండి. తడితో మూసేస్తే లోపల బూజు పడుతుంది, వచ్చే ఏడు ఆ కాలేజీ వాళ్లు అరువివ్వరు. తెచ్చినప్పుడు రాసుకున్న జాబితాతో భాగాలు లెక్కపెట్టి, ఇచ్చినవాళ్ల చేత సంతకం పెట్టించుకుని అప్పగించండి.