అమ్మాయి పేరుకు అర్థం, పుట్టుక ఎలా తెలుసుకోవాలి?

పాపకు పేరు అనుకోగానే చాలామంది ఫోనులో అర్థం వెతుకుతారు. అక్కడ దొరికిన ఒక్క ముక్కతో సరిపెట్టుకోకండి. చాలా పేర్ల వెనక ఒక కథ ఉంటుంది, దాన్ని మీరే పట్టుకోవచ్చు. అపర్ణ అనే పేరుతో చూద్దాం.

1. ముందు పేరును తెలుగులో సరిగ్గా రాయండి. ఇంగ్లీషు అక్షరాల్లో న, ణ తేడా పోతుంది, దీర్ఘాలూ పోతాయి.

2. తర్వాత విడదీయండి. అ + పర్ణ. పర్ణం అంటే ఆకు, పర్ణశాలలో ఉన్నది అదే. ముందున్న ‘అ’ లేమిని చెబుతుంది. అచ్చుకు ముందు అది ‘అన్’ అవుతుంది: అసూయ లేనిది అనసూయ. అంటే అపర్ణ ‘ఆకులు లేనిది’. ఇంతటితో ఆగితే, ఈ పేరు మనకెందుకని పక్కన పెట్టేస్తారు. దయచేసి ఆగకండి.

3. నిఘంటువు చూడండి. అమరకోశంలో అపర్ణ పార్వతి పేర్ల వరుసలో కనిపిస్తుంది. శబ్దరత్నాకరం వంటి నిఘంటువులు ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు.

4. ఇక కథ. కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గలో పార్వతి శివుడి కోసం తపస్సు చేస్తుంది. చెట్టు నుంచి తమంతట రాలిన ఆకులు తిని బతకడమే తపస్సుకు పరాకాష్ఠ అంటారు. ఆమె వాటినీ మానేసింది, అందుకే అపర్ణ అయింది. ‘ఆకులు లేనిది’ అన్న మాటలో ఇంత పట్టుదల ఉందని తెలిశాక ఆ పేరును వదులుకోబుద్ధి కాదు.

5. మరో విరుపు ఉందేమో చూడండి. లలితా సహస్రనామంలోనూ ఈ పేరుంది. దాని వ్యాఖ్యాత భాస్కరరాయలు అప + ఋణ అని కూడా విడదీసి, ‘ఋణం లేనిది’ అన్నారు. అందమైన భావమే. కానీ పేరు పుట్టుక అడిగితే నేను ఆకుల కథనే చెబుతాను, అది ఎంతో పాతది.

6. అన్ని పేర్లకూ సంస్కృత మూలం వెతక్కండి. ఆయిషా అరబీ పేరు, మరియమ్మ హీబ్రూ మూలం నుంచి వచ్చింది. ఎల్లమ్మ, బంగారమ్మ వంటి పేర్లకు నిఘంటువు కంటే ఇంట్లో పెద్దవాళ్లే మేలు. ఏ అమ్మవారి మొక్కు, ఏ ముత్తవ్వ పేరు అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి పాప పుట్టిన తేదీ పత్రంతో పాటు దాచండి.